రిబ్ పడవకు ఏ ఇంజన్ పెట్టాలి?

నాంపల్లి, ఆబిడ్స్ వీధుల్లో తిరిగే మనకు పడవ ఇంజన్‌తో ఏం పని అని మీరు నవ్వుకోవచ్చు. కానీ మనకు మూసీ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. 1908 సెప్టెంబర్ 28న ఆ మూసీయే అఫ్జల్‌గంజ్‌ను ముంచెత్తినప్పుడు, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. 2020 అక్టోబర్ వానలకు టోలిచౌకి నదీమ్ కాలనీలో జనాన్ని పడవల మీద బయటికి తీసుకురావలసి వచ్చింది. 2025 సెప్టెంబర్‌లోనైతే దసరా ప్రయాణాల రోజుల్లోనే మూసీ నీళ్లు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చేశాయి. మన అన్నల్లో అగ్నిమాపక శాఖలో, పోలీసు శాఖలో చేరినవారు ఉన్నారు. ఐ.టి.ఐ.లో మెకానిక్ కోర్సు చదువుతున్న తమ్ముళ్లూ ఉన్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసం.

ముందు పడవ సంగతి. అడుగు భాగం ఫైబర్‌తోగానీ అల్యూమినియంతోగానీ గట్టిగా ఉండి, చుట్టూ గాలి నింపిన గొట్టాలు ఉండే పడవను రిబ్ అంటారు. గొట్టం లోపల వేర్వేరు గదులు ఉంటాయి కనుక ఒకటి చిరిగినా మిగిలినవి పడవను తేల్చి ఉంచుతాయి. దీన్ని 1960లలో బ్రిటన్‌లోని వేల్స్‌లో, అట్లాంటిక్ కాలేజీ ప్రిన్సిపాల్ డెస్మండ్ హోర్ తన విద్యార్థులతో కలిసి తయారుచేశారు. అంటే మనలాంటి హాస్టల్ పిల్లలే! దాని పేటెంట్‌ను ఆయన 1973లో అక్కడి ప్రాణరక్షక సంస్థకు ఒక్క పౌండుకు ఇచ్చేశారు.

ఇక ఇంజన్. పెద్దది పెడితే పడవ బాగా పోతుందని అందరూ అనుకుంటారు. మేమూ పుస్తకాలు తిరగేసేముందు అదే అనుకున్నాం. పడవకు ఒక చిన్న ప్లేటు బిగించి ఉంటుంది. గరిష్ఠంగా ఎన్ని హార్స్‌పవర్, ఎంత బరువు, ఎంతమంది అన్నది దాని మీదే రాసి ఉంటుంది. ఆ హద్దు దాటి ఇంజన్ పెడితే వెనకభాగం బరువుకు కుంగుతుంది, ఇంజన్‌ను మోసే వెనక చెక్క బీట్లు వారుతుంది, ఒక్కసారిగా రేజ్ చేస్తే ముందుభాగం లేచి పడవ వెల్లకిలా పడే ప్రమాదమూ ఉంది. అలాగని మరీ చిన్నది పెట్టినా కష్టమే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి వరదలో ప్రవాహం గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకోండి. మనుషులు ఎక్కాక మన పడవ వేగం 12 అయితే, ఎదురెక్కేటప్పుడు నికరంగా మిగిలేది గంటకు రెండు కిలోమీటర్లు మాత్రమే. కాబట్టి లెక్క ఎప్పుడూ ఖాళీ పడవతో కాదు, నిండు పడవతో వేయాలి. నాలుగు మీటర్ల రిబ్‌కు సాధారణంగా 30, 40 హార్స్‌పవర్ వరకు ఒప్పుకుంటారు. నదిలో పని ఉంటే ఆ హద్దుకు దగ్గరగా ఉన్న ఇంజన్ తీసుకోవడమే మంచిదని మా అభిప్రాయం.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా? స్కూటర్, బైకు గురించి మనం చేసే వాదనే ఇక్కడా. టూ స్ట్రోక్ తేలిక, తాడు లాగి స్టార్ట్ చేయవచ్చు, రిపేరు సులువు. కానీ పొగ, పెట్రోలు ఖర్చు ఎక్కువ. 40 హార్స్‌పవర్‌ది పూర్తి వేగంతో నడిపితే గంటకు దాదాపు 15 లీటర్లు తాగుతుంది. 50కి 1 పాళ్లలో కలపమన్న ఇంజన్‌కు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ పోయాలి. ఫోర్ స్ట్రోక్‌కు ఈ కలిపే బాధ లేదు, ఇంధనం ఆదా, చప్పుడు తక్కువ. అయితే బరువు. నలుగురు భుజాన మోసుకెళ్లి సందులో దించవలసిన పడవకు ఆ అదనపు బరువు చిన్న విషయం కాదు.

ఎంపిక ఎంత బాగున్నా బిగింపు సరిగా లేకపోతే అంతా వృథా. ఇంజన్ కూర్చునే చెక్క పైఅంచు నుంచి పడవ అడుగు వరకు నిట్టనిలువుగా టేపుతో కొలవాలి. దాదాపు 15 అంగుళాలుంటే షార్ట్ షాఫ్ట్, 20 ఉంటే లాంగ్ షాఫ్ట్. ఫ్యానుకు కొంచెం పైన అడ్డంగా ఒక రేకు ఉంటుంది. అది పడవ అడుగుతో ఇంచుమించు సమానంగా రావాలి. ఎక్కువ పైకి ఉంటే ఫ్యాను గాలి పీల్చి ఇంజన్ గోల పెడుతుంది కానీ పడవ కదలదు. ఎక్కువ కిందికి ఉంటే నీటిని ఈడ్చుకుంటూ పోవడమే.

ఫ్యాను పిచ్ సైకిలు గేరు లాంటిది. కంపెనీ 5000 నుంచి 6000 ఆర్.పి.ఎం. అని చెబితే, మనుషుల్ని ఎక్కించి ఫుల్ రేజ్‌లో చూడాలి. 4700 దగ్గరే ఆగిపోతే పిచ్ ఎక్కువైనట్టు. ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 200 పెరుగుతుంది. కాబట్టి 13 అంగుళాలది తీసి 11ది వేస్తే సరిపోతుంది. ఒంటరిగా నడిపి చూసి సంతోషపడే పరీక్ష పరీక్షే కాదు.

మన గల్లీల మాటకొస్తే నిజం చెప్పాలి. నడుము లోతు నీళ్లలో, తెరిచిన మ్యాన్‌హోళ్లు, గోడ ఇనుపచువ్వలు, కరెంటు తీగల మధ్య రిబ్ కంటే అడుగు చదునుగా ఉండే మామూలు రబ్బరు పడవే నయం. దానికి చిన్న ఇంజన్, ఫ్యాను చుట్టూ జాలీ ఉంటే చాలు. తెడ్లు మాత్రం తప్పనిసరి. నీళ్లు తగ్గగానే ఇంజన్‌ను పైకి వంచి తెడ్డు వేయాలి. ఆబిడ్స్ అంగళ్ల పాలిథిన్ సంచులన్నీ వరదలో ఇంజన్‌కే చుట్టుకుంటాయి. ఇంజన్ పక్క నుంచి చిమ్మే సన్నటి నీటిధార ఆగిందంటే చల్లబరిచే నీరు లోపలికి పోవడం లేదని అర్థం. వెంటనే ఆపేయాలి.

నడిపేవాడి చేతికో మోకాలికో కిల్ కార్డ్ అనే చుట్టల తాడు కట్టి ఉండాలి. అతను నీళ్లలో పడిపోతే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. లేదంటే మనిషి లేని పడవ గిరగిరా తిరిగి, ఫ్యానుతో ఈదేవాళ్ల మీదికే వస్తుంది.

పని ముగిశాక ఇంజన్‌ను డ్రమ్ములోని మంచి నీటిలో పెట్టి ఓ పది నిమిషాలు నడపాలి. మూసీ బురద లోపల ఎండిపోతే మళ్లీ వరద వచ్చిన నాడు అది స్టార్ట్ కాదు.