టెడ్డి భల్లూకము: కప్రత్యయార్థ విచారము

1902 వ సంవత్సరము నవంబరు నెలలో అమెరికా సంయుక్తరాష్ట్రముల యధ్యక్షుఁడగు థియొడోర్ రూజ్వెల్టు మిస్సిసిపి రాష్ట్రమున వేఁటకుఁ బోయెను. అతనికి మృగ మేదియుఁ జిక్కకుండుటఁ జూచి యనుచరు లొక యెలుఁగుబంటిని గొట్టి చెట్టునకుఁ గట్టి కాల్పుమని పిలిచిరి. కట్టువడిన జంతువును గాల్చుట వేఁటకాని ధర్మము గాదని యతఁడు నిరాకరించెను. ఆ నెల 16 వ తేదిని క్లిఫర్డ్ బెరిమన్ అను చిత్రకారుఁ డీ వృత్తాంతమును వాషింగ్టన్ పోస్టు పత్రికయందుఁ జిత్రించెను. (గాయపడిన యా మృగమునకు బాధ తీఱునట్లు చంపుఁడని యధ్యక్షుఁడే యాజ్ఞాపించిన సంగతి చిత్రమునఁ గానరాదు, బాలురకుఁ జెప్పు కథలందును గానరాదు.) బ్రూక్లిన్‌లో మిఠాయియంగడి నడపుచుండిన మోరిస్ మిక్టమ్ దంపతు లా చిత్రమును జూచి గుడ్డతో నొక బొమ్మను గుట్టి, టెడ్డి యెలుఁగని పేరిడి యమ్మకమునకుఁ బెట్టిరి. ఇంచుమించుగా నా కాలముననే జర్మనీదేశమున గీంగెన్ పట్టణపు స్టైఫ్ కర్మశాలయందు రిచర్డు స్టైఫ్ వేఱుగా నట్టిబొమ్మనే కల్పించెను. అది 1903 లో లైప్జిగ్ సంతకుఁ బోయినది.

టెడ్డి యనునది థియొడోర్ శబ్దమునకు ముద్దుపేరు. అనుకంప తోఁచునపుడు బహ్వచ్కమగు మనుష్యనామమును రెండవ యచ్చునకుఁ బిమ్మట లోపింపఁజేసి ప్రత్యయము నిలుపుట పాణినీయులకుఁ దెలిసినదే. దేవదత్తుఁ డట్లు దేవికుఁ డగును. ఆంగ్లేయుల నామము మొదటి యచ్చుతోనే తెగినది. వారి కా నియమము లేదు గదా. ప్రక్రియ మాత్ర మొక్కటియే. ఒక మనుష్యుని ముద్దుపేరు మృగప్రతిమకు సంక్రమించుట యిచ్చటి విశేషము.

ఇఁక బొమ్మ సంగతి. సంస్కృతమున నశ్వప్రతిమ యశ్వక మగును. ప్రతికృతియందుఁ గన్ప్రత్యయమును విధించు సూత్రము పంచమాధ్యాయ తృతీయపాదమునఁ 96 వది. ఆ పాదముననే 76 వ సూత్ర మనుకంపయందును, 86 వ సూత్రము హ్రస్వత్వమందును గప్రత్యయమును విధించుచున్నవి. కకు కన్నునకు స్వరమునందే భేదము. చెవికి స్వరము తెలియని యీ కాలమున మూఁడర్థములు నొక్కరూపముననే వినవచ్చును. తెలుఁగున నట్లు గాదు. ప్రతికృతికి బొమ్మశబ్దము పరమై గుఱ్ఱపుబొమ్మ యగును. చిట్టి, బుజ్జి యనునవి పూర్వమందు నిలిచి చిట్టిగుఱ్ఱ మగును. చిట్టిశబ్దము హ్రస్వత్వము ననుకంపను రెంటిని జెప్పఁగలదు గాని ప్రతికృతిని జెప్పఁజాలదు.

ఎలుఁగుబొమ్మయందుఁ బ్రధానార్థ మేది? ప్రతికృతి యందురు గొందఱు. అది పొసఁగదు. దానిని కౌఁగిలించి నిద్రించు శిశువులలోఁ బెక్కండ్రు భల్లూకమును జూచి యెఱుఁగరు; చూచిరేని భయపడుదురు. బింబమును జూచి భయపడువాఁడు ప్రతిబింబమును వక్షమునఁ జేర్చుకొనుటకు సాదృశ్యము కారణము గానేరదు. బెరిమన్ సయితము పిమ్మటి చిత్రములలో నా మృగమును గున్నగాఁ జేసెను. హ్రస్వత్వ మట్లు సిద్ధించినది. అనుకంప దాని వెంటవచ్చినది. అందఱ యనుకంపకును బాత్రమగు శిశువు తాను గూడ నొకరి ననుకంపింపవలెనన్నచో వానికంటెఁ జిన్నది కావలెను. ఇంట నట్టిది బొమ్మ యొక్కటియే.

77 వ సూత్రము నిచ్చటఁ దలఁపవలసియున్నది. అనుకంపింపఁబడువానితోఁ గూడిన వస్తువునకును, సామదానాది నీతి గమ్యమగునపుడు, కప్రత్యయము వచ్చునని దాని తాత్పర్యము. ఏడ్చు బాలునిచేతఁ బెట్టు బొమ్మ యిదియే. మృచ్ఛకటికమునఁ బొరుగువాని బంగారుబండికై యేడ్చు రోహసేనునకు దాసి యిచ్చిన మట్టిబండివలననే రూపకమునకుఁ బేరు వచ్చినది. శాకుంతల సప్తమాంకమున సింహశిశువును విడువుమని బతిమాలుచుఁ దాపసి సర్వదమనునకు రంగులు పూసిన మట్టినెమలిని దెప్పించును. పక్షియొక్క లావణ్యమును జూడుమని యామె పలుకఁగా నా పదముల కలయికలోఁ దల్లిపేరు వానికి వినఁబడును. వాఁడు బొమ్మను మఱచి తల్లి యెక్కడ నని యడుగును. క్రీడనకము స్మృతిహేతు వగుట కింతకంటె స్పష్టమగు నుదాహరణము దొరకుట యరుదు. స్మరింపఁబడునది బొమ్మ గాదు, దాని నిచ్చిన చేతులు.

ఆంగ్లేయ వైద్యుఁడు డొనాల్డ్ వినికాట్ 1951 లోఁ జదివి 1953 లోఁ బ్రకటించిన వ్యాసమున నిట్టి వస్తువులను విచారించెను. తల్లికిని బాహ్యలోకమునకును నడుమ శిశువు నిలుపుకొను మొదటి వస్తు వదియేనని యాతని మతము. దాని నుతికినచో వాసన మాఱి శిశువున కా వస్తువే పోయినట్లగునని తల్లు లెఱుఁగుదురఁట. ఇది సాదృశ్యవాదులకు మఱియొక బాధకము: ఉతికినను రూపము పోదు గదా!

విక్రయముమాట మిగిలినది. జీవికార్థమై యమ్మకమునకుఁ గాని ప్రతిమలందుఁ గన్నునకు లుప్పును విధించు సూత్రము 99 వది. పూజింపఁబడు శివప్రతిమ శివుఁడే యగును. అమ్ముడువోవు నేనుఁగుబొమ్మలు హస్తికములుగనే యుండునని కాశికాకారుఁడు ప్రత్యుదాహరణ మిచ్చెను. మౌర్యులు బంగారుకోరికతోఁ జేయించిన ప్రతిమలఁగూర్చి భాష్యకారుఁ డిచ్చటనే చర్చించెను. అంగడిలో నెలుఁగుబొమ్మ యైనది యింటికి వచ్చిన నాఁడే శిశువునోట నెలుఁగగును. కొండపల్లినుండి తెచ్చిన తెల్లపొణికికఱ్ఱ బొమ్మయు నింట నంబారి యేనుఁగే.

మిల్న్ అను నాంగ్లరచయిత కుమారునకు మొదటి పుట్టినరోజున, 1921 లో, లండన్‌లోని హారడ్స్ అంగడిలోఁ గొన్న యెలుఁగుబొమ్మ 1926 నాఁటి గ్రంథమువలన విన్ని ది పూ యను పేరఁ బ్రసిద్ధమై, 1987 నుండి న్యూయార్కు ప్రజాగ్రంథాలయమున నున్నది. దాని రోమ మరిగిపోయినది. చూడవచ్చువారు దానిఁ బూ యనియే యందురు గాని బొమ్మ యనరు. అపణ్యత్వ మున్నను జీవికార్థత్వము లేనందున 99 వ సూత్రముచే నిచ్చట లుప్పు సాధింపరాదు. లోకవ్యవహారమే ప్రమాణ మనవలెను.