పెద్ద పటము – చిన్న కిటికీ

హనుమకొండ వేయిస్తంభముల గుడియందు కాకతి రుద్రదేవుని 1163వ సంవత్సరపు శాసనము కలదని మన విద్యార్థు లెరుగుదురు. ఈ యేడు చరిత్ర పాఠమునకై ఒక బాలుడు ఆ శాసనపు ఛాయాపటమును తీసికొనివచ్చెను. కంప్యూటరు తెరపై చూడగా ఒక్క యక్షరమును తెలియలేదు. “అయ్యా, పటము చెడిపోయినది, తీసివేసెదను” అని యతడు చేయి సాచెను. మేము వారించితిమి. పటము చెడలేదు, దానిని చూచు విధమే తెలియలేదు.

కారణ మిది. ఛాయాపటము చుక్కల కూర్పు. ఆ పటమున అడ్డముగా 4000, నిలువుగా 3000, వెరసి 1,20,00,000 చుక్కలున్నవి. మన బ్రౌజరు కిటికీ యెత్తు సుమారు 600 చుక్కలే. పటమంతయు ఒక్కమారు కనబడవలెనని బ్రౌజరు దానిని ఐదవ వంతునకు కుదించి చూపును. అనగా 25 చుక్కలకు బదులు ఒక్కటియే నిలుచును. ఐదు చుక్కల మందముగల గీత ఒక్క చుక్కయై ప్రక్క గీతతో కలిసిపోవును. అయినను ఫైలులో ఒక్క చుక్కయు తగ్గదు.

ఇక ఉపాయము. ఫైర్‌ఫాక్సు, క్రోములయందు పటమును విడిగా తెరచి, దానిపై మౌసు బాణము నుంచిన, అది కూడిక గుర్తుగల భూతద్దముగా మారును. కావలసిన చోట నొక్కిన, ఆ భాగము నిజపరిమాణమున కనబడును. మరల నొక్కిన కుదించుకొనును. కంట్రోలు మీటతో కూడిక మీటను నొక్కిన ఇంకను పెరుగును. కంట్రోలుతో సున్న నొక్కిన యథాస్థితికి వచ్చును. ఫోనునందు రెండువ్రేళ్లు ఎడముగా జరిపిన చాలును.

ఒక హెచ్చరిక. నిజపరిమాణమును మించి పెంచిన చుక్కలు లావగునే గాని క్రొత్త వివరమేమియు రాదు. వెబ్ పుటలలో తరచుగా నుంచునది చిన్న ప్రతి. దానిని ఎంత పెంచినను మసకయే. అసలు పటమును వెదకి తెరువవలెను. తలిదండ్రులును భూమి పటములు, ధ్రువపత్రముల ప్రతులు చూచునపుడు దీనిని గుర్తుంచుకొనవలెను.

ఆ బాలుడు నొక్కి చూడగా రాతిమీది యక్షరములు వేరువేరుగా నిలిచినవి. అతడు వ్రేలితో వరుసవెంబడి చూచుచు గంట మ్రోగినను లేవలేదు. విద్యార్థులారా, తెలియని దానిని పనికిరానిదని త్రోసివేయుటకు ముందు, మనము చూచు కిటికీ యెంతటిదో యొకమారు విచారింపుడు.