పట్టు విడువని చక్రము

ఎద్దుబండి చక్రమునకు దొర్లుట తప్ప వేరు పని లేదు. ఇరుసు కదలక నిలిచియుండును. దానిపై రెండు చక్రములును దేని పాటికది తిరుగుచుండును. బండిని లాగు భారము ఎద్దులది. కురుక్షేత్రమున కర్ణుని రథచక్రము నేల క్రుంగిన కథ ఎరుగని తెలుగు విద్యార్థి యుండడు. ఆ చక్రము సైతము రథమును నడిపినది కాదు, గుఱ్ఱముల వెంట దొర్లినదే. యంత్రవాహనము పుట్టిన పిదప చక్రమునకు క్రొత్త బాధ్యత వచ్చినది. నేలను వెనుకకు త్రోసి బండిని ముందునకు నడుపుట దాని విధియైనది. ఆ విధితోపాటు ఒక చిక్కును పుట్టినది.

బండి మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము పెద్ద వలయమునందును, లోపలి చక్రము చిన్న వలయమునందును పోవును. రెండు చక్రముల నడుమ దూరము ఒకటిన్నర మీటరు అనుకొందము. బండి పూర్తిగా ఒక చుట్టు తిరిగివచ్చినచో వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె సుమారు 9.4 మీటర్లు ఎక్కువ నడచును. ఇందొక విశేషము కలదు. ఆ చుట్టు చిన్నదైనను పెద్దదైనను ఈ తేడా మారదు. రెండు వలయముల వ్యాసార్థముల తేడాను మాత్రమే లెక్కించినచో చాలునని గణితము చదువుకొన్న బాలురు సులభముగ గ్రహింపగలరు. ఇట్టి చక్రములు రెండింటిని ఒకే కడ్డీకి బిగించి యంత్రముతో త్రిప్పినచో, మలుపునందు ఏదో యొకటి నేలపై ఈడ్చుకొనిపోవలసినదే. టైరు అరుగును, కడ్డీ మెలిపడును, బండి తిన్నగా పోవుటకే మొండికేయును.

ఈ చిక్కును విప్పిన సాధనము డిఫరెన్షియలు. ఫ్రాన్సు దేశమున ఒనెసిఫోర్ పెకర్ అను గడియారముల పనివాడు 1827-28 ప్రాంతమున ఆవిరిబండికొరకు దీనికి పేటెంటు పొందెను. నేటి మోటారుబండి వెనుక ఇరుసు నడుమ కనబడు గుండ్రని ఇనుప బుఱ్ఱలో నున్నది అదియే. యంత్రమునుండి వచ్చిన పొడవాటి కడ్డీ చివర చిన్న పినియను ఉండును. అది క్రౌన్ వీలు అను పెద్ద పండ్ల చక్రమును త్రిప్పును. క్రౌన్ వీలుకు బిగించిన గూటిలో ఒక అడ్డకడ్డీయు, దానిపై స్టార్ పినియన్లును, వాని కిరుప్రక్కల రెండు సైడ్ గేర్లును ఉండును. ఒక్కొక్క సైడ్ గేరునుండి ఒక్కొక్క యాక్సిల్ షాఫ్టు బయలుదేరి చక్రమును చేరును. తిన్నని బాటలో స్టార్ పినియన్లు తమలో తాము తిరుగక, గూటితోపాటు పోవుచు రెండు చక్రములను సమానముగ త్రిప్పును. మలుపునందు అవి తమ కడ్డీపై మెల్లగా దొర్లి, లోపలి చక్రమునకు తగ్గిన వేగమును వెలుపలి చక్రమునకు సమకూర్చును.

ఈ పంపకమున ఒక నియమము దాగియున్నది. వేగమును హెచ్చుతగ్గులుగా పంచిపెట్టు డిఫరెన్షియలు, బలమును మాత్రము ఇరువురికి సమానముగనే పంచును. స్టార్ పినియను కావడిబద్ద వంటిది. కావడికి ఒక ప్రక్క బరువు తీసివేసినచో రెండవ ప్రక్క బరువు నిలువదు. అట్లే ఒక చక్రము పట్టు లేక జారినచో, రెండవ చక్రమునకును ఆ జారుచక్రము స్వీకరించినంత బలమే దక్కును. కుడిచక్రము బురదలో దిగబడి 50 పాళ్ల బలమునకే జారిపోవుచున్నదనుకొందము. ఎడమచక్రము గట్టినేలపై నిలిచి 500 పాళ్ల బలమును భరింపగలిగియున్నను, దానికి అందునది 50 పాళ్లు మాత్రమే. ఎడమచక్రము కదలక నిలువగా, కుడిచక్రము గూటి వేగమునకు రెట్టింపు వేగముతో గిరగిర తిరిగి బురదను చిమ్ముచు, తన గోతిని తానే లోతు చేసికొనును. సాయము చేయగల సమర్థుడు ప్రక్కనే యుండియు చేయి చాపలేని స్థితి యిది.

నగరపు వీథులలో ఈ లోపము అరుదుగా బయటపడును. కొండలలో, రాళ్లబాటలలో, వాగులలో ఇది అడుగడుగున ఎదురగును. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున సియెర్రా నెవాడా పర్వతములలో రూబికాన్ అను బాట కలదు. 1953నుండి జీపులవారు అచ్చట ఏటేట యాత్ర సాగించుచున్నారు. గ్రానైటు బండలపై బండి ఒక మూలకు వాలినప్పుడు ఒక చక్రము గాలిలోనికి లేచును. గాలిలోని చక్రమునకు పట్టు సున్న. సున్నకు సమానమైన బలమే నేలమీది చక్రమునకును చేరును. నాలుగు చక్రములకు శక్తి అందు బండియైనను, ముందొకటియు వెనుకొకటియు పట్టు తప్పినచో నిలిచిపోవుట కిదియే కారణము.

దీనికి మందులు మూడు తెరగులు. కొందరు స్టార్ పినియన్లను వెల్డింగుతో అతికివేయుదురు. రెండు చక్రములు శాశ్వతముగ ఒకటగును గాని, పెకర్ విప్పిన చిక్కు మరల మొదటికి వచ్చును. రెండవది, చోదకుడు మీట నొక్కినప్పుడు మాత్రమే గాలి ఒత్తిడిచేతనో విద్యుత్తుచేతనో బిగిసికొను లాకరు. మూడవది, ఎవరి ఆజ్ఞకును ఎదురుచూడక, నేలయొక్క స్థితినిబట్టి తానే బిగిసి, తానే విడివడు ఆటోమేటిక్ లాకరు. దీనికి మీట లేదు, తీగ లేదు, గాలిగొట్టము లేదు.

ఆటోమేటిక్ లాకర్లలో అమెరికా, ఆస్ట్రేలియా దేశముల ఔత్సాహికులు లంచ్‌బాక్స్ లాకరు అని ముద్దుపేరు పెట్టిన రకము ఎక్కువమందికి అందుబాటులో నున్నది. స్టార్ పినియన్లను, సైడ్ గేర్లను తీసివేసి, అదే గూటిలో దీనిని అమర్చవచ్చును. సైడ్ గేర్ల స్థానమున పండ్లు గల రెండు బిళ్లలు యాక్సిల్ షాఫ్టులకు తగులుకొనును. వాని నడుమ అట్టి పండ్లే గల మరి రెండు బిళ్లలు ఎదురెదురుగ నుండి, చిన్న స్ప్రింగులచే బయటికి నెట్టబడుచుండును. ఈ నడిమి బిళ్లలలో వాలుగా చెక్కిన పల్లములందు అడ్డకడ్డీ కూర్చుండును. యంత్రము బలము నిచ్చినప్పుడు కడ్డీ ఆ వాలు నెక్కి బిళ్లలను ఇరువైపులకు త్రోయును. పండ్లలో పండ్లు గట్టిగా నాటుకొని రెండు చక్రములు ఏకమగును. మలుపునందు వెలుపలి చక్రమును నేలయే వడిగా త్రిప్పును. అప్పుడు ఆ వైపు పండ్లు పట్టు వదలి, ఒకదానిపైనొకటి టకటక దాటుచుండును. బండిని లోపలి చక్రము నడుపుచుండును.

దీని ధర్మమును ఒక్క వాక్యములో చెప్పవచ్చును. యంత్రము త్రిప్పు వేగముకంటె ఏ చక్రమైనను వడిగా పోవచ్చును గాని, వెనుకబడి పోరాదు. జారుచక్రము తనకై బలమును దోచుకొని పరుగెత్తుటకు ఇందు వీలులేదు. వెనుకటి ఉదాహరణములోని ఎడమచక్రము ఇప్పుడు తన 500 పాళ్లును వినియోగింపగలదు.

అమర్చుపని చూచుటకు సులభమే గాని, అశ్రద్ధను క్షమింపదు. మొదట ఇరుసు ఏ రకమో, షాఫ్టు చివర గాళ్లు ఎన్నియో లెక్కించి, దానికి సరిపోవు లాకరునే తెచ్చుకొనవలెను. బండిని జాకీపై వదలక గట్టి స్టాండులపై నిలిపి, నేలపై నున్న చక్రములకు అడ్డుకట్టలు పెట్టవలెను. బుఱ్ఱ మూత విప్పి పాతనూనెను పళ్లెములోనికి దింపినప్పుడు, అందు ఇనుపరజను, విరిగిన పండ్ల ముక్కలు ఉన్నవేమో పరిశీలింపవలెను. అరిగిన గూటిలో క్రొత్త లాకరు పెట్టుట పుచ్చిన దూలమునకు క్రొత్త తలుపు బిగించుట వంటిది. తరువాత అడ్డకడ్డీని నిలుపు మరను విప్పవలెను. అది విరుగుట కద్దు గనుక తొందర తగదు. కొన్ని బండ్లలో షాఫ్టులను లోనికి జరిపి 'సి' ఆకారపు క్లిప్పులు తీయవలసియుండును. మరికొన్నింట షాఫ్టులను బయటికి లాగవలెను. స్టార్ పినియన్లును సైడ్ గేర్లును వెలికి వచ్చినపిదప, వాని వెనుకనున్న వాషర్లను పాఱవేయక, ఏ వైపుది ఆ వైపుననే భద్రపరుపవలెను. పెక్కు లాకర్లకు అవియే మరల ఉపయోగపడును.

క్రొత్త భాగములు కూర్చి అడ్డకడ్డీని ఎక్కించినపిమ్మట, నడిమి బిళ్లల మధ్య సందును ఫీలర్ గేజితో కొలువవలెను. తయారీదారు పత్రములో చెప్పిన హద్దులలో నది ఉండితీరవలెను. సందు హద్దు మీరినచో పండ్లు పూర్తిగా నాటుకొనవు, లేదా పూర్తిగా విడివడవు. ఆపై పరీక్ష. యంత్రము నాపి, గేరులో నుంచి, రెండు చక్రములను నేలకు పైన నిలుపవలెను. ఒకరు ఒక చక్రమును ముందునకు త్రిప్పి బిగబట్టగా, వేరొకరు రెండవదానిని వెనుకకు త్రిప్పవలెను. అది టకటకమనుచు తిరిగినచో ఆ వైపు సరిగా విడివడుచున్నదని అర్థము. ఇట్లే రెండు దిక్కులకును, రెండు చక్రములకును చేసి చూడవలెను. చివరకు మూత బిగించి, తగిన నూనెను మట్టము చూచి పోయవలెను. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మనవారన్నారు. లాకరు సంగీతము స్వభావసిద్ధమే యైనను, నూనె లేని సంగీతము వేరు.

ఈ మేలునకు వెల లేకపోలేదు. గట్టిరోడ్డుపై మలుపునందు టకటక ధ్వని వినబడును. యాక్సిలరేటరు నొక్కినప్పుడును వదలినప్పుడును బండి కొంచెము ప్రక్కకు లాగును. పొట్టిబండిలో ఈ లాగుడు హెచ్చు. టైర్లు త్వరగా అరుగును. ముందు ఇరుసులో అమర్చి ఆ ఇరుసునకు శక్తి నిచ్చినచో స్టీరింగు బరువెక్కును. ఒక్కొక్కప్పుడు యంత్రబలమంతయు ఒక్క షాఫ్టుపైననే పడుటచే బలహీనమైన షాఫ్టు విరుగవచ్చును. అన్నింటికంటె మించి, నునుపైన మంచుపైనను, ప్రక్కకు వాలిన తడిబాటపైనను ప్రమాదము కలదు. సామాన్య డిఫరెన్షియలుతో ఒక చక్రము జారినను, రెండవది ప్రక్కకు జారకుండ బండిని పట్టియుంచును. లాకరుతో రెండును ఒక్కసారిగ జారి, బండి తోక లోయవైపు తిరుగవచ్చును. మరొక హెచ్చరిక ప్రాణములకు సంబంధించినది. లాకరున్న బండిని ఒక్క చక్రము మాత్రమే జాకీతో ఎత్తి, యంత్రము నడిపి, గేరు వేయరాదు. నేలపైనున్న చక్రము బండిని జాకీపైనుండి లాగివేయును.

మన దేశమున జీపు కథ 1940ల చివర మహీంద్రా వారు విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చుటతో మొదలైనది. 2020లో వెలువడిన వారి థార్ బండిలోని కొన్ని రకములకు వెనుక ఇరుసులో యాంత్రిక లాకింగ్ డిఫరెన్షియలు కర్మాగారముననే అమర్చబడినది. దీని పద్ధతి వేరు. మామూలుగా ఇది సామాన్య డిఫరెన్షియలువలె ప్రవర్తించును. ఒక చక్రము రెండవదానికంటె బహువేగముగ తిరిగినప్పుడు మాత్రము, లోపలి చిన్న తూనికగుండ్లు విప్పారి, ఒక గొళ్లెమును తగిలి, రెండు చక్రములను బిగించును. రోడ్డుపై తిరుగుటే ఎక్కువగా గల వారికి ఇట్టి మృదువైన ఏర్పాటు అనుకూలము. రాళ్లపై మెల్లగా ప్రాకువారికి చక్రము జారకముందే బిగిసియుండు లంచ్‌బాక్స్ రకము అనుకూలము.

కావున లాకరు పెట్టింపదలచినవాడు మొదట అంగడికి గాక, తాను నిత్యము నడచు బాటవైపు చూడవలెను. ఏడాదికొకమారు మాత్రమే బురద చూచువానికి ఒక త్రాడును, ఒక పారయు చాలును. పదేపదే కొండలెక్కువానికి లాకరు చక్రము వృథాగ తిరిగి బాటను గోతులు చేయుటను తగ్గించును, దిగబడిన అడవిలో రాత్రి గడుపు బాధను తప్పించును. అయినను అది పట్టును సృష్టింపజాలదు. రెండు చక్రములకును పట్టు లేనిచోట లాకరు సైతము నిస్సహాయమే. ఉన్న పట్టును వృథాపోనీయకుండ వాడుకొనుట దాని పని. లేనిచోటికి పోకుండుట చోదకుని పని.