గంజి వదలిన పిమ్మట

పండుగ చీర కొనుటకు నాలుగు దుకాణముల మెట్లెక్కి దిగు ఇల్లాలు దుప్పటి కొనునపుడు నాలుగు నిమిషములైనను వెచ్చింపదు. వర్తకుడు మడత విప్పును. బట్ట చేతికి బరువుగాను, కంటికి నిగనిగలాడుచును తోచును. బేరము కుదురును. మూడు ఉతుకులైన పిమ్మట అదే దుప్పటి జల్లెడవలె పలుచబడి, పరుపుమీద నిలువక ఒక మూలకు ముడుచుకొనిపోవును. ఆమె డబ్బు పోసి కొన్న బరువులో చాలభాగము గంజియే!

నూలునకు గంజి పెట్టుట దోషము కాదు. మగ్గముమీద రాపిడికి పడుగు తెగకుండుటకు గంజి పెట్టియే తీరవలెను. నేత ముగిసిన తరువాత, వదులు నేతను కప్పిపుచ్చుటకు మరల దట్టముగా పట్టించుటలోనే మోసమున్నది. దీనిని కనిపెట్టుట కష్టము కాదు. బట్ట మూలను రెండు చేతుల నడుమ గట్టిగా నలిపి, నల్లని గుడ్డపై దులిపినచో తెల్లని పొడి రాలును. వెలుతురునకు ఎదురుగా పట్టినచో పోగుల నడుమ సందులు కనబడును. వర్తకుడు విసుగుకొనిన విసుగుకొననిండు.

అంకెల మాయ మరియొకటి. అట్టపెట్టెపై 600 అనియు, 1,000 అనియు అచ్చువేసి అమ్ముచున్నారు. చదరపు అంగుళములోని పడుగు పోగులను, పేక పోగులను కలిపిన లెక్క అది. మంచి నూలుతో సాదాగా నేసిన దుప్పటికి 200 మొదలు 300 వరకు ఉన్న చాలును. అంతకు ఎంతో మించిన సంఖ్యలు తరచుగా, పేనిన దారములోని ఒక్కొక్క పోగును విడివిడిగా లెక్కించుటవలన పుట్టినవే.

నేతపనివారు అడుగు ప్రశ్న వేరు: నూలు ఎన్నవ నంబరుది? 840 గజముల చిలపలు ఒక పౌను బరువునకు ఎన్ని తూగునో అదియే ఆ నూలు నంబరు. 20వ నంబరు నూలు పౌనుకు 16,800 గజములు; 40వ నంబరుది 33,600 గజములు. నంబరు పెరిగినకొలది దారము సన్నమగును, బట్ట మెత్తనగును. పిల్లలు ఎగిరి దూకు మంచముమీదికి మిక్కిలి సన్నని నూలు పనికిరాదు. రెండు పోగులు పేనిన ముతకనూలు దుప్పటి అచ్చట ఏండ్ల తరబడి నిలుచును.

తెలుగులో పరచుకొనునదియు దుప్పటియే, కప్పుకొనునదియు దుప్పటియే. మాట ఒకటైనంత మాత్రమున బట్ట ఒకటి కాదు. కప్పుకొనుటకు షోలాపూరు దుప్పటి పేరుపడినది. దాని పూలు అద్దకము కావు, నేతలోనే పుట్టినవి. మహారాష్ట్రములోని ఆ పట్టణమున మగ్గములు నడిపిన వారిలో తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలు పెక్కుమంది. అంతటి దళసరి బట్టను వేసవిలో పరచుకొన్నవారికి నిద్ర దుర్లభము.

పక్కపై పరచు బట్టకు ఈ దేశమున గొప్ప చరిత్ర కలదు. మచిలీపట్టణపు కలంకారీ పలంగుపోషులు, అనగా మంచముపై కప్పు బట్టలు, ఐరోపా సంపన్నుల పడకగదులను అలంకరించినవి. ఆ మోజునకు ఇంగ్లండులోని నేతపనివారు గగ్గోలెత్తగా, 1700లో అచ్చటి పార్లమెంటు అద్దకపు బట్టల దిగుమతిని అరికట్టెను; 1721లో వాని వాడుకనే నిషేధించెను. దుప్పటికి వెరచి చట్టము చేసిన దేశమది!

మనదేశములో చట్టము వేరొక కారణమున వచ్చినది. 1985లో పార్లమెంటు కొన్ని వస్త్రములను చేనేతకే ప్రత్యేకించు చట్టము చేసెను. నిర్ణీతమైన రకముల దుప్పట్లును, జంపఖానాలును ఆ పట్టికలోనివే. అయినను మరమగ్గపు బట్ట చేనేత పేరుతో అమ్ముడుపోవుట ఆగలేదు. అట్టి దుప్పటి చినిగినపుడు ఇల్లాలు నిందించునది వర్తకుని కాదు, దానిని చేత తాకనైన తాకని నేతగానిని. మరుసటి మారు ఆమె చేనేత దుకాణము గడప తొక్కదు. ఒక యింటి నష్టము అచ్చటితో తీరును; మగ్గమువాని యింట అది కూటి మాటగా మారును. 2006లో ప్రవేశపెట్టిన చేనేత గుర్తు చీటీని అడిగి చూచుట ఇందుకే అవసరము.

నూలులో పాలియెస్టరు కలిసినదేమో యన్న అనుమానమున్నచో అంచునుండి ఒక పోగు లాగి నిప్పు చూపవలెను. నూలు కాగితమువలె కాలి బూడిదయగును. పాలియెస్టరు కరిగి గట్టి పూసవలె నిలుచును. చెమటను పీల్చుకొనని ఆ బట్ట రోహిణికార్తెలో ఒంటికి ఎట్లుండునో చెప్పనక్కరలేదు.

కొలత విషయమున పిసినారితనము తగదు. 108 అంగుళముల నూలు దుప్పటి తొలి ఉతుకులలో అయిదంగుళముల వరకు కుదించుకొనిపోవచ్చును. పరుపు క్రిందికి మడువగా మిగులునట్లు కొనవలెను.

రంగు దుప్పటిని మొదట విడిగా చన్నీట ఉతుకవలెను. ఉప్పునీట నానబెట్టినచో రంగు నిలుచునన్నది పెద్దల నమ్మకమే గాని, కదలు రంగును ఉప్పు ఆపజాలదు. పాల మరకను, నెత్తుటి మరకను వేడినీరు మరింత బిగించును. వానికి చన్నీరే మందు. పసుపు మరకపై సబ్బు తగిలి ఎర్రబడగానే కంగారుపడనక్కరలేదు. ఎండలో ఆరవేసిన అది క్రమముగా వెలిసిపోవును. నీలిమందు పసిమిని కప్పునే గాని మురికిని తీయదు. బ్లీచింగు పొడి మితిమీరిన తెలుపు వచ్చును గాని పోగు చచ్చును. తెల్లనివానిని ఎండలోను, రంగువానిని నీడలోను ఆరవేయవలెను. పెట్టెలో దాచు దుప్పటికి గంజి పెట్టరాదు; గంజి రుచి పురుగులకు తెలియును.

దుప్పటి మొదట అరుగునది నడుమ. అంచులు గట్టిగానే ఉండును. నిలువున నడిమికి కోసి, అంచులు రెండును మధ్యకు వచ్చునట్లు కలిపి కుట్టినచో మరి కొంతకాలము పనిచేయును. అదియును తీరిన పిమ్మట దానికి మిగిలిన గౌరవము వేరు. ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చినదనగానే అమ్మమ్మ పెట్టె అడుగున వెదకునది క్రొత్తబట్ట కాదు. వంద ఉతుకులకు గంజియంతయు వదలి, వెన్నవలె మెత్తబడిన పాత దుప్పటిని. దానిని చతురముగా చింపి, ఉతికి, ఎండబెట్టి, పొత్తిళ్లకు సిద్ధముగా మడిచి పెట్టును.