తాళము కాపాడున దెంత?

2018 సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీ యుదయమున హైదరాబాదు పాతబస్తీలోని పురానీ హవేలీయందు నిజాము మ్యూజియము గది తెఱచినవారికి కొన్ని వస్తువులు కానరాలేదు. ఏడవ నిజామగు మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారి రజతోత్సవమునకు వచ్చిన కానుకలు మొదలగు వానిని అచ్చట ప్రజలు చూచుటకై యుంచినారు. వానిలో రత్నములు పొదిగిన మూడంతస్తుల బంగారు టిఫిను క్యారియరు, బంగారు కప్పు, సాసరు, చెంచా మాయమైనవి. దొంగలు తలుపు జోలికే పోలేదు. పైనున్న వెంటిలేటరు ఇనుపకమ్ములను తొలగించి, త్రాటితో లోనికి దిగి, వచ్చిన దారినే పోయిరి.

వారమురోజులు దాటిన పిమ్మట పోలీసులు ఇరువురిని పట్టుకొని సొమ్మును రాబట్టిరి. ముంబయికి గొనిపోయినను కొనువారు దొరకలేదట. ఒకడు ఆ బంగారు గిన్నెలలో భోజనము చేసెనని పోలీసులు చెప్పగా పత్రికలన్నియు దానినే ప్రకటించినవి, లోకము నవ్వుకొన్నది. మాకు మాత్రము నవ్వుకంటె ఆలోచనయే యెక్కువ కలిగినది. తాళమును తాకినవాడు లేడు; సొమ్ము మాత్రము పోయినది!

సోదరీమణులారా, మన యిండ్లలో పెత్తనమునకు గుఱుతు తాళపుచెవుల గుత్తి. అత్తగారి నడుమునుండి కోడలి నడుమునకు అది మాఱిన నాడే కోడలికి నిజమైన గృహప్రవేశ మనవచ్చును. స్త్రీధన మనెడిది నగలపెట్టె రూపమున నున్నంతకాలము దానికిని మనకును నడుమ నున్నది తాళమే. అట్టి తాళమును కొనునపుడు మనము చేయు పరీక్ష యేమి? చేతిలో తూచి చూతుము. బరువుగా నున్న గట్టిది, మెఱయుచున్న మంచిది! అంగడివాడు "ఏడు లీవర్ల తాళ మమ్మా" యనగానే లీవ రననేమో యడుగక బేరమునకు దిగుదుము. చీరకొంగు త్రిప్పి నేత పరీక్షించు మనము తాళము కడుపులో నేమున్నదో చూడకుండుట వింత గాదా?

లీవరు తాళమున పలుచని లోహపుపలకలు ఒకదానిపై నొకటి పేర్చబడి యుండును. ప్రతి పలకకు నొక గంటు. చెవి పండ్లు పలకలను తగినంత యెత్తునకు లేపినపుడు గంటులన్నియు నొక వరుసకు వచ్చి గడియకు దారి యిచ్చును. ఒక్క పలక తక్కువ లేచినను, ఎక్కువ లేచినను దారి మూసికొనును. రెండవది, నేడు వీథితలుపులకు విరివిగా వాడుచున్న సన్నచెవి తాళము. దీని యుపాయము ప్రాచీన ఈజిప్టువారి కొయ్యతాళములలోనే కలదు. అమెరికావాడగు లైనస్ యేల్ 1860 ప్రాంతమున దానిని నేటి రూపమునకు దెచ్చెను. గొట్టములో నొక గుండ్రని కడ్డీ యమరియుండును. ఆ రెంటిని కలిపి కుట్టినట్లు చిన్నచిన్న సీలలు దిగియుండును. ప్రతి సీలయు రెండు ముక్కలు. సరియైన చెవి దూరినపుడు ముక్కల నడిమి సందులన్నియు కడ్డీ యంచునకు వచ్చును. కుట్టు వీడినట్లై కడ్డీ తిరుగును.

మఱి చెవి లేక తెఱచు టెట్లు? ఎంత గొప్ప యంత్రముతో చేసినను రంధ్రములన్నియు ఒక్క గీతపై నుండవు. వెండ్రుకవాసి యటునిటుగా నుండును. అందుచే కడ్డీని కొంచెము త్రిప్పి పట్టినచో సీలలన్నియు నొకేసారి బిగియవు. ముందొకటి బిగియును. దానిని సన్నని కమ్మితో లేపిన చిన్న చప్పుడుతో తన తావున నిలుచును. పిమ్మట రెండవది, మూడవది. కంటికి గనబడున దేమియు లేదు. అంతయు వ్రేళ్ళకే తెలియవలెను. పాకము తీగ సాగుట వ్రేళ్ళ నడుమ నెఱిగిన యిల్లాండ్రకు ఈ స్పర్శజ్ఞానము క్రొత్త గాదు.

ఈ విద్య లోకమున కెల్ల వెల్లడియైనది 1851లో, లండను నగరపు మహాప్రదర్శనమున. అంతకుముందు ఇంగ్లీషువారికి తమ తాళములపై మిక్కిలి గర్వముండెను. బ్రామా కంపెనీవారు 1790లో తమ యంగడి కిటికీలో నొక తాళ ముంచి, చెవి లేక తెఱచినవారికి 200 గినీల బహుమానము ప్రకటించిరి. అఱువదేండ్లు గడచినను ఎవరును గెలువలేదు. చబ్ కంపెనీవారి తాళ మింకొక విధమైనది. ఎవరైన కమ్మితో కదపి పలక నధికముగా లేపినచో అది బిగిసిపోయి, దొంగ వచ్చినాడని యజమానునకు దెలుపును. ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అను అమెరికావాడు వచ్చి చబ్‌వారి తాళమును 25 నిమిషములలో తెఱచెను. దొంగను పట్టియిచ్చు నా మీటయే, ఏ పలక యెంత లేచినదో యాతనికి చెప్పినదట! పిమ్మట బ్రామావారి తాళముపై 16 దినములలో మొత్తము 51 గంటలు పనిచేసి దానిని గూడ తెఱచెను.

రెండు తాళములును తెఱువబడినవి గదా, భేద మేమి యందురా? భేదమంతయు కాలముననే యున్నది. నడిరేయి వచ్చిన దొంగకు 51 గంటలు ఎవ రిత్తురు? తాళ మనునది దొంగ నాపునది గాదు, ఆలస్యము చేయునది. అమెరికాలో కొన్ని యినుపపెట్టెల పటుత్వమును నిమిషములలోనే కొలుతురు. 15 నిమిషముల పెట్టె, 30 నిమిషముల పెట్టె యని పేరు. ఆ నిమిషములలో మేల్కాంచువా రుండవలెను. ఆరునెలలు పిల్లలయొద్దకు పోవువారి యింటికి ఏడు లీవర్లకంటె ఎదురింటివారి కన్ను మేలు.

ఇట్టి సంగతులు బహిరంగముగా వ్రాయవచ్చునా యని ఆనాడే వాదము చెలరేగెను. దొంగలకు తమ విద్య మనకంటె ముందే తెలియును, తెలియనివారు తాళము కొన్న గృహస్థులే యని హాబ్స్ పక్షమువారి సమాధానము. మా యభిప్రాయమును నదియే. నేడు పాశ్చాత్యదేశములలో తాళములు తెఱచుట చదరంగమువలె నొక వినోదమైనది. జర్మనీలో 1997 నుండి దీనికొక సంఘమే యున్నది. ఈ వినోదప్రియులు పాటించు నియమములు రెండు: తనదికాని తాళమును యజమాను ననుమతి లేక తాకరాదు, నిత్యము వాడుచున్న తాళముపై అభ్యాసము చేయరాదు. రెండవదాని నుపేక్షించినవారు స్నానాలగది బయట నిలువవలసివచ్చును.

రాజులకును ఈ వినోదము తప్పలేదు. ఫ్రాన్సు రాజు పదునాఱవ లూయీ స్వయముగా తాళములు చేయుచుండెడివాడు. ఆయనకు గమేఁ అను తాళముల పనివాడు సహాయుడు. విప్లవకాలమున రాజు రహస్యపత్రములు దాచుటకు గోడలో నొక యినుప అర చేయించెను. చేసినవాడు ఆ గమేఁయే. 1792 నవంబరులో పోయి ప్రభుత్వమువారికి చెప్పినవాడును అతడే. ఆ పత్రములు రాజుపై విచారణలో సాక్ష్యములైనవి. 1793 జనవరిలో శిరచ్ఛేద మయ్యెను. ఆ యరను తెఱచుటకు కమ్మియు నక్కఱ లేకపోయినది.

చార్మినారు చుట్టుపట్ల బజారులలో, కాలిబాటప్రక్కన తాళపుచెవుల దండలు వ్రేలాడగట్టి ఆకురాయితో కూర్చుండు పనివారిని చూచియుందురు. నమూనా చెవి నిచ్చిన నిమిషములలో జోడుచెవి చేతిలో పెట్టుదురు. వారివలన భయ మేమియు లేదు. నమూనా యెవరిచేతి కిచ్చి పంపితి మనునదే ప్రశ్న. నేడు చెవి యొక్క ఛాయాచిత్ర మున్నను జోడు చేయువారు గలరు. కనుక క్రొత్తయింటి తాళపుచెవులను మురిపెముగా ఫోనులో అందఱికి చూపకుడు. అద్దెయింటిలో చేరినవారు పాతతాళమునే నమ్మి కూర్చుండరాదు. ముందున్నవారు ఎన్ని చెవులు చేయించిరో ఎవ రెఱుగుదురు?

పాతబస్తీలో మిద్దె మిద్దెకు తగిలి యిండ్లుండును. వీథితలుపునకు వేయిరూపాయల తాళము వేసి, మేడమెట్ల తలుపునకు గొళ్ళెముతో సరిపెట్టు ఇండ్లు ఎన్ని లేవు! తాళంకప్ప ఎంత దృఢమైనను గొళ్ళెపుపట్టీ మరమేకులు బయటికి గనబడుచున్నచో తిప్పుడుకోల యొకటి చాలును. ద్వారబంధము చెదలు తిన్నచో అదియు నక్కఱలేదు. ఇక బీరువా చెవి పోపులడబ్బాలోను, దేవుని పటము వెనుకను దాచుట ఏ దొంగ యెఱుగడు?

మీకు తీరిక గలదేని, గురువారపు సంతయగు జుమ్మెరాత్ బజారులో పాత తాళంకప్ప నొకదానిని చౌకగా కొనుడు. మేకులు విప్పి కడుపు తెఱచి చూడుడు. పలక లెన్ని, గంటు లెట్లున్నవి, అంగడివాడు చెప్పిన యంకె నిజమా యని లెక్కపెట్టుడు. తిరిగి బిగించుట కొంచెము కష్టము. స్ప్రింగు లెగిరిపడును, పళ్ళెములో పెట్టి విప్పిన వెదకుకొను శ్రమ తప్పును. మధ్యాహ్నము రెండింటికి మొదలిడినవారు నాలుగింటికి పొయ్యిమీది పాలను మఱువకుందురు గాక!