తగ్గింది సరే, దేనివల్ల తగ్గింది?

ప్రకాశం బ్యారేజీ కింద వరి పండించే రైతు ఒకరు కొత్త ఎరువు వేశారనుకోండి. పంట విరగపండింది. అంతా ఎరువు మహిమేనా? ఆ ఏడు వానలూ బాగా పడ్డాయే! అందుకే తెలివైన రైతు ఒక మడిని ఎరువు వేయకుండా వదిలి, రెండిటినీ పోల్చి చూస్తాడు.

కుంగుబాటు విషయంలో మనం ఈ మాత్రం జాగ్రత్త కూడా పడం. వారాల తరబడి దేనిమీదా మనసు పోక, నిద్ర పట్టక, తిండి సయించక బాధపడే మనిషికి సలహాలకు కొదవుండదు. "తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున నడువు." "ఫలానా కషాయం తాగు, మా బాబాయికి దాంతోనే తగ్గింది." బాబాయికి తగ్గిన మాట నిజమే కావచ్చు. కాని చాలామందిలో కుంగుబాటు కెరటంలా లేచి, కొన్ని నెలలకు దానంతటదే దిగుతుంది కూడా. మనం మందు వెతికేది కెరటం పైకి లేచినప్పుడు. తర్వాత తగ్గితే పేరు కషాయానికి!

మరి పరీక్షించేదెలా? బ్యారేజీ నుంచి ఏలూరు కాలువ వెంట వెళితే 2022లో విడదీయక ముందున్న పశ్చిమ గోదావరి జిల్లా వస్తుంది. అక్కడా, హర్యానాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాలలోనూ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. మొదటి జట్టు ఊళ్లలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని బాధితుల బాగోగులు కనుక్కున్నారు. చికిత్సలో డాక్టరుకు కంప్యూటరు సాయపడింది. మనోవ్యాధికి సిగ్గుపడనక్కరలేదని ప్రచారమూ జరిగింది. రెండో జట్టుకు మామూలు వైద్యమే, కాస్త మెరుగుపరచి.

మనుషులను కాక కేంద్రాలనే ఎందుకు పంచారు? గట్టు తెగితే ఎరువు నీళ్లు పక్క మడిలోకి పోవూ? ఒకే ఊళ్లో మాటలూ అంతే.

బాధను కొలిచింది తొమ్మిది ప్రశ్నలతో. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, ఎక్కువ వస్తే ఎక్కువ బాధ (మన పరీక్షలకు తలకిందులు!). ఫలితాలు 2024లో వెలువడ్డాయి. బాధ ఎక్కువగా ఉన్నవారిలో ఏడాది తర్వాత తేరుకున్నవారు మొదటి జట్టులో నూటికి 75, రెండో జట్టులో 51.

ఆ 51ని మళ్లీ చూడండి. కొత్త పద్ధతి లేకుండానే సగంమంది తేరుకున్నారు! పోలిక లేకుంటే 75 మందీ తనవల్లే బాగయ్యారని ఎవరైనా చెప్పుకోవచ్చు. నిజంగా ఆ పద్ధతి ఖాతాలో పడేది 24. అయితే 24 మంది తక్కువా?

సలహాలన్నీ వట్టివని కాదు. గోవాలో 495 మందితో జరిగిన పరీక్షలో, డాక్టర్లు కాని సలహాదారులు బాధితుల చేత ఇష్టమైన చిన్న చిన్న పనులు మళ్లీ మొదలుపెట్టించారు. మూడు నెలలకు వారిలో నూటికి 64 మంది తేరుకోగా, ఆ సాయం లేనివారిలో 39 మందే.

మీకో, ఇంట్లోవారికో రెండు వారాలకు మించి ఇలా ఉంటే లెక్కల కోసం ఆగకండి. పెద్దలకు చెప్పండి; టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పశ్చిమ గోదావరి లెక్కలో ఒక ముడి మాత్రం మిగిలింది. ఆశా పలకరింపా, డాక్టరుగారి కంప్యూటరా, ప్రచారమా, ఏది పనిచేసింది? మూడూ ఒకే మడిలో వేశారు మరి!