రాతి గోడల ఇంట్లో వైఫై: మెష్ కిట్ కొనే ముందు ఈ ప్లానింగ్ చేసుకోండి

శ్రీశైలం డ్యామ్ దగ్గర సుండిపెంటలో మా ఇల్లు. 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. ముందు గదిలో రౌటర్ పక్కన కూర్చుంటే స్పీడ్ టెస్ట్ అదిరిపోతుంది. వెనక గదిలో మాత్రం 8 ఎంబీపీఎస్, అదీ తలుపు తీసి ఉంటేనే. ఆ వెనక గదే మా చెల్లి ఆఫీసు. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో కస్టమర్ కాల్స్ తీసుకుంటుంది. ఒకే వారంలో మూడు కాల్స్ మధ్యలో కట్ అయ్యేసరికి, "నెలాఖరులోపు నెట్ సరిచేసుకో, లేదంటే హైదరాబాద్ వచ్చెయ్" అన్నాడు టీమ్ లీడ్. అమ్మ మోకాలి ఆపరేషన్ అయ్యి ఇంకా కర్రతోనే నడుస్తోంది. చెల్లి వెళ్లిపోతే కుదరదు. అలా ఈ పని నా మీద పడింది.

మొదటి తప్పు: బాక్స్ మీద నంబర్ చూసి కొనడం

రెండు యూనిట్ల వైఫై 6 మెష్ కిట్ తెచ్చి, ఒకటి ముందు గదిలో, ఒకటి వెనక గదిలో పెట్టాను. స్పీడ్ 8 నుంచి 25కి పెరిగింది, అంతే! కారణం సింపుల్. మా ఇంటి పాత భాగంలో గోడలు అడుగున్నర మందం రాయి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ స్పీడ్ ఎక్కువ ఇస్తుంది కానీ ఇలాంటి గోడ దగ్గర చతికిలపడుతుంది. 2.4 కాస్త దాటుతుంది, స్పీడ్ తక్కువ. మెష్ యూనిట్ మాయలేమీ చేయదు, తనకి అందిన సిగ్నల్‌నే ముందుకి పంపుతుంది. పైగా డ్యూయల్ బ్యాండ్ కిట్‌లో మీ ఫోన్‌తోనూ, మెయిన్ యూనిట్‌తోనూ ఒకే రేడియో మాట్లాడాలి కాబట్టి ఉన్న స్పీడ్‌లోనూ దాదాపు సగం పోతుంది.

రెండో ప్రయత్నం: కాగితం, పెన్సిల్

ఈసారి ముందు ఇంటి ప్లాన్ గీశాను. ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్‌తో గది గదికీ సిగ్నల్ రాసుకున్నాను. వీడియో కాల్‌కి మైనస్ 67 డీబీఎం లేదా అంతకంటే మెరుగ్గా ఉండాలి. వెనక గదిలో మైనస్ 82! దీనికి మందు ఒకటే, రెండు యూనిట్ల మధ్య వైర్. దీన్నే ఈథర్నెట్ బ్యాక్‌హాల్ అంటారు.

కనెక్షన్ వరుస ఇది: ఫైబర్ బాక్స్, దాని నుంచి మెయిన్ మెష్ యూనిట్, దాని నుంచి స్విచ్, స్విచ్ నుంచి రెండో యూనిట్, టీవీ, చెల్లి ల్యాప్‌టాప్. స్విచ్‌ని మెయిన్ యూనిట్ కంటే ముందు పెట్టకండి. పెడితే కొన్ని డివైజ్‌లు ఫైబర్ బాక్స్ నెట్‌వర్క్‌లోకి, కొన్ని మెష్‌లోకి వెళ్లి అంతా గందరగోళం అవుతుంది. ఫైబర్ బాక్స్ కూడా రౌటర్‌గా పనిచేస్తుంటే దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించండి. కుదరకపోతే మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి.

స్విచ్ విషయంలో ఎక్కువ ఆలోచించక్కర్లేదు. అన్‌మేనేజ్డ్ గిగాబిట్ 8 పోర్ట్ చాలు. సీసీ కెమెరాలు పెట్టే ఆలోచన ఉంటేనే పీఓఈ ఉన్నది తీసుకోండి. కేబుల్ మాత్రం పూర్తి రాగి క్యాట్ 6 అడిగి తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన రకం చవకగా దొరుకుతుంది, దాని జోలికి వెళ్లొద్దు.

కోతుల సంగతి

కేబుల్‌ని మిద్దె మీదుగా లాగాను. రెండో రోజు సాయంత్రానికి స్పీడ్ 94 దగ్గర ఆగిపోయింది. పైకెక్కి చూస్తే కోతులు కొరికేశాయి. గిగాబిట్‌కి కేబుల్‌లోని 8 తీగలూ కావాలి. కొన్ని తెగితే లింక్ 100కి పడిపోతుంది. రాత్రి 9 దాటితే అడవి దారిలో చెక్‌పోస్ట్ గేట్లు మూసేస్తారు. నంద్యాల వెళ్లి రావాలంటే ఘాట్ రోడ్డులో ఒక రోజు పోయినట్టే. అదృష్టం బాగుండి మిగిలిన కేబుల్, అదనపు కనెక్టర్లు, క్రింపింగ్ టూల్ ఇంట్లోనే ఉన్నాయి. ఈసారి పీవీసీ పైపులో వేశాను.

ఇప్పుడు వెనక గదిలో వైఫై మీద 180కి పైనే వస్తోంది. ఇంకో చిన్న పాఠం: కరెంట్ పోయినప్పుడు మెయిన్ యూనిట్, ఫైబర్ బాక్స్ మినీ యూపీఎస్ మీద నడిచాయి కానీ స్విచ్ ఆగిపోయింది, దాంతో చెల్లి కాల్ కూడా కట్. స్విచ్‌కీ, రెండో యూనిట్‌కీ బ్యాకప్ లెక్క వేసుకోండి.

నెలాఖరు దాటింది. చెల్లి ఇంకా వెనక గదిలోనే కాల్స్ మాట్లాడుతోంది. మీ ఇంట్లోనూ మందపాటి గోడలుంటే, ముందు టేపుతో కేబుల్ దారి కొలవండి, మెష్ సంగతి ఆ తర్వాత చూద్దాం.